మారిషస్‌లో గోల్ఫ్ ఆడబోతున్న మా అన్న కొడుక్కి

కోరుట్ల

చిరంజీవి శ్రీకాంత్‌కు మీ చిన్నాయన ఆశీస్సులు.

కంపెనీ వాళ్ళతో మారిషస్ పోతున్నావనీ, సముద్రం ఒడ్డున రిసార్టులో గోల్ఫ్ ఆడాలనీ, కొత్త డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్) ఏది కొనాలనీ ఫోన్లో అడిగావు. ఫోన్లో అయితే సగం చెప్పి సగం మరిచిపోతాను, అందుకే రాస్తున్నా. నేను పెద్ద ఆటగాణ్ణి కాదని నీకు తెలుసు. దుబాయ్‌లో 19 ఏళ్ళు గోల్ఫ్ కోర్సులో గడ్డి కోసినవాణ్ణి. వారానికో సాయంత్రం స్టాఫ్‌ను తొమ్మిది హోల్స్ ఆడనిచ్చేవాళ్ళు, అట్లా అబ్బిన ఆటే నాది. కానీ వచ్చినవాళ్ళు ఎక్కడెక్కడ దెబ్బతింటారో మాత్రం మిషన్ మీద కూర్చుని రోజూ చూశాను.

డ్రైవర్ కొనకు. ఆ డబ్బుతో రెండు డజన్ల బాల్స్, మూడు గ్లోవ్స్ కొనుక్కో. అక్కడి ఉక్కకు గ్లోవ్ నాలుగు హోల్స్‌కే తడిసి ముద్దవుతుంది. ఒకటి వేసుకుని మిగతావి బ్యాగుకు ఆరేసుకోవాలి. బాల్స్ సంగతి చెప్పేదేముంది, సముద్రం తీసుకుంటుంది. మీ వాళ్ళు ఇల్ ఓ సెర్ఫ్ దీవి కోర్సు బుక్ చేస్తే అక్కడికి పడవ మీద పోవాలి. జర్మనీ గోల్ఫ్ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ డిజైన్ చేసిన 18 హోల్స్ కోర్సు అది, నీళ్ళు దాటించి కొట్టాల్సిన చోట్లు చాలా ఉంటాయి. నీళ్ళ హద్దు చూపే ఎర్ర కర్రలు దాటి నీళ్ళలో పడ్డ బాల్ కోసం రాళ్ళ మీదికి దిగకు. ఒక స్ట్రోక్ పెనాల్టీ (లెక్కలో ఒక దెబ్బ అదనం) వేసుకుని ముందుకు పో. గడ్డిలో పోయినా వెతకడానికి 3 నిమిషాలే టైమ్. 2019కి ముందు 5 ఉండేది.

ఇక గాలి. మా దగ్గర పనిచేసిన మారిషస్ పిల్లగాడు ఒకడుండేవాడు. (వాళ్ళ తాతముత్తాతలు మన తెలుగువాళ్ళే. ఉగాదికి అక్కడ సర్కారు సెలవు ఇస్తుందని గొప్పగా చెప్పుకునేవాడు.) వాడు చెప్పిందే ఇది: వాళ్ళ తూర్పు ఒడ్డున ఆగ్నేయపు గాలి ఏడాది పొడుగునా ఉంటుంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇంకా జోరు. పొద్దెక్కితే నేల వేడెక్కి సముద్రపు గాలి కూడా తోడవుతుంది. కాబట్టి ఆట మొదలుపెట్టడానికి పొద్దున్నే మొదటి టైమ్ అడుగు. ఎదురుగాలి అనగానే అందరూ బలం పెట్టి కొడతారు. బలంగా కొట్టినకొద్దీ బాల్‌కు స్పిన్ ఎక్కువై పైకి లేస్తుంది, లేచినదాన్ని గాలి వెనక్కి తోసేస్తుంది. ఏడో నంబర్ ఐరన్ క్లబ్ కొట్టే దూరానికి ఐదో నంబర్ తీసుకో, నంబర్ తగ్గినకొద్దీ బాల్ ఎక్కువ దూరం పోతుంది. గ్రిప్ కొంచెం కిందికి పట్టుకుని, బాల్‌ను కుడికాలి వైపు జరుపుకుని, సగం ఊపుతో కొట్టు. నువ్వు ఆడే హైదరాబాద్ 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, సముద్రమట్టంలో గాలి ఇంకాస్త చిక్కన. పెద్ద తేడా కాదు కానీ, నీ లెక్కకు రెండు మూడు గజాలు ముందే పడితే టెన్షన్ పడకు.

గడ్డి దగ్గరికి వస్తే ఆగలేను. గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కోసిన నున్నటి చోటు) మీద వేసింది బెర్ముడా గడ్డి అయితే అది వినాయక చవితికి మనం తెంపుకొచ్చే గరిక జాతే. గరిక నిలువుగా పెరగదు కదా, ఒక దిక్కుకు పాకుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్లకు కోసినా ఆ గుణం పోదు. బాల్ వెనక నిలబడి చూడు. గడ్డి తెల్లగా మెరిస్తే అవతలికి వంగి ఉన్నట్టు, బాల్ జారుతుంది. ముదురు రంగులో ఉంటే నీ వైపు వంగి ఉన్నట్టు, కొంచెం గట్టిగా కొట్టాలి. అనుమానం ఉంటే హోల్ అంచు చూడు. రోజూ తెల్లవారకముందు హోల్స్ కొత్త చోట తీసేది నేనే. నాలుగుంపావు అంగుళాల గొట్టాన్ని నిలువుగా దింపి, తిప్పి, మట్టిముద్దను పైకి లాగేవాణ్ణి. పొద్దున చుట్టూ చాకుతో కోసినట్టుండేది. సాయంత్రానికి ఒకవైపు అంచు మాత్రం ఎండి, చిరిగిన చాపలాగ అయ్యేది. ఆ వైపు గడ్డి వేళ్ళు నేను లాగిన ముద్దలోనే పోయి ఉంటాయి. గరిక ఆ చిరిగిన అంచు దిక్కుకే పాకుతోందని లెక్క.

అక్కడ ఉప్పునీళ్ళను ఓర్చుకునే పాస్పలం గడ్డి వేసి ఉంటే ఈ లెక్కలు అంత అక్కర్లేదు. కానీ గ్రీన్ పక్కన అది క్లబ్‌ను పట్టేస్తుంది. మెల్లగా తాకించాలని చూస్తే బాల్ అక్కడే కూర్చుంటుంది.

కోర్సులో ఇసుక గుంటలుంటాయి, వాటిలోంచి కొట్టడం నేర్చుకోవడానికి వచ్చే ఆదివారం ధర్మపురి రా. గోదావరి ఒడ్డున ఇసుకలో వేలితో గీత గీసి, బాల్ లేకుండానే ఆ గీతను చెరిపేటట్టు క్లబ్ ఊపు. పది గీతల్లో ఏడు చెరిగితే చాలు. తర్వాత గీతకు రెండు అంగుళాల ముందు బాల్ పెట్టు. అయితే ఆటలో మాత్రం కొట్టేముందు క్లబ్‌ను ఇసుకకు ఆనించొద్దు. ఇసుకలో కొబ్బరి మట్ట పడి ఉంటే తీసేయొచ్చు, 2019 నుంచి దానికి పెనాల్టీ లేదు.

ఒక్క మాట నా కోసం. ముందు ఎవరైనా గడ్డి కోస్తూ కనబడితే వాళ్ళు తలెత్తి చూసి చెయ్యి ఊపేదాకా కొట్టకు. బాల్ దారి తప్పితే "ఫోర్" (గోల్ఫ్‌లో జాగ్రత్త అని హెచ్చరిక) అని గొంతు చించుకుని అరువు. నా ఎడమ భుజం మీద గుంట ఎట్లా పడిందని చిన్నప్పుడు అడిగేవాడివి కదా, అది ఒక పెద్దమనిషి అరవడానికి మొహమాటపడ్డందుకు. గ్రీన్ మీద నీ బాల్ చేసిన గుంటను నువ్వే పూడ్చు. ఫోర్క్‌తో కింది నుంచి పైకి ఎత్తకు, వేళ్ళు తెగుతాయి. చుట్టూ ఉన్న గడ్డిని మధ్యకు నెట్టి పటర్‌తో (గ్రీన్ మీద బాల్‌ను దొర్లించే క్లబ్) తట్టు.

మీ చిన్నమ్మ సకినాలు చేస్తోంది, విమానంలోనే తినేయండి. నాకేమీ తేవద్దు. సాయంత్రం నాలుగు దాటాక ఒక హోల్ అంచును దగ్గరగా ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. గడ్డి ఎటు పాకుతోందో ఇక్కడి నుంచి చెప్తా.

మీ చిన్నాయన