క్యాష్ అనే ఇంగ్లీషు మాట మన ‘కాసు’ నుంచే పుట్టిందా?

సగం నిజం. మీ జేబులో ఉండే క్యాష్ మాత్రం మన కాసు కాదు.

మాది విజయనగరం. గంటస్తంభం దగ్గర మా తాతగారికి బట్టల కొట్టుండేది. బడి వదిలాక నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టేవారు. ఆ పెట్టె అడుగు అరలో ఒక పాత రాగి బిళ్ల ఉండేది. శుక్రవారం దానికి పసుపు రాసేవారు. ఒకవైపు జెండాలు పట్టుకున్న రెండు సింహాలు, 1808 అని సంవత్సరం. రెండోవైపు పారశీ రాత, దాని కింద రోమన్ అంకెల్లో ఇరవై, పక్కనే ఇంగ్లీషులో క్యాష్. “సూసినావా, తెల్లోడు మన కాసునే అట్టుకుపోనాడు” అనేవారు తాత. కాలేజీలో ఆ మాట పట్టుకుని నేను చాలామందితో వాదించాను కూడా.

ఆ బిళ్ల వరకూ తాత చెప్పింది నిజమే. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కదా. అక్కడ ఈస్టిండియా కంపెనీవాళ్లు రూపాయి లెక్కకు మారింది 1818లో. అంతకు ముందు 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక స్టార్ పగోడా, అంటే వరహా. వరహా మార్చాలంటే 3,360 కాసులు లెక్కపెట్టాలన్నమాట! తమిళంలోనూ తెలుగులోనూ ఉన్న ఈ కాసును పోర్చుగీసువాళ్లు ‘కైషా’ అన్నారు. వాళ్ల నోటి నుంచే అది ఇంగ్లీషులోకి వెళ్లింది. చైనాలో దండలా గుచ్చుకునే చతురస్రపు చిల్లి నాణేలను కూడా ఇంగ్లీషువాళ్లు క్యాష్ అనే పిలిచారు. కాసులపేరు వేసుకునే మనకు ఆ దండ వింతేమీ కాదు.

ఇక రొక్కం అనే క్యాష్ సంగతి. దాని మూలం లాటిన్‌లో ‘కాప్సా’, అంటే పెట్టె. అది ఫ్రెంచిలో ‘కేస్’ అయింది. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో క్యాష్ అంటే డబ్బు పెట్టుకునే పెట్టె. తర్వాత పెట్టె పేరు లోపలి డబ్బుకు అంటుకుంది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. రాత్రి కొట్టు కట్టేముందు తాత “గల్లా ఎంతయిందిరా?” అనేవారు. ఆయన అడిగింది పెట్టె కొలత కాదు గదా! మనం చేసిన పనే వాళ్లూ చేశారు. సూట్‌కేసులో ఉన్న కేసు కూడా ఆ కాప్సా పిల్లే. కోర్టు కేసు వేరు, దానితో కలపకండి.

తమాషా ఏమిటంటే, పోర్చుగీసులో పెట్టెనూ ‘కైషా’ అనే అంటారు. అంటే మన నాణెం, వాళ్ల పెట్టె ఒకే మాటై కూర్చున్నాయి. అందుకే తాత పొరపడ్డారని అనడానికి నాకు మనసొప్పదు.

క్యాషియర్ అంటే గల్లా చూసేవాడు, అది పెట్టె నుంచి వచ్చిందే. కానీ సైన్యంలో అధికారిని అవమానకరంగా తీసేయడాన్ని కూడా ఇంగ్లీషులో క్యాషియర్ చేయడం అంటారు. ఆ మాట డచ్చి నుంచి వచ్చింది, దానికీ డబ్బుకూ సంబంధం లేదు.

పలాసలో జీడిపిక్కల వ్యాపారం చేసే మా బంధువొకాయన, క్యాష్ తెచ్చే పంట కాబట్టే క్యాషూ అన్నారని ఒట్టేసి చెబుతాడు. కాదు. అది బ్రెజిల్‌లోని తుపీ భాష మాట. జీడిచెట్టుతో పాటు పేరునూ పోర్చుగీసువాళ్లే మోసుకొచ్చారు.

ఫోన్లో క్లియర్ చేసే క్యాష్ ఇంకొకటి. అంటే యాప్‌లు మళ్లీ వాడుకోవడానికి దాచిపెట్టుకునే తాత్కాలిక సమాచారం. అది ఫ్రెంచిలో ‘దాచు’ అనే మాట నుంచి పుట్టింది. మొన్న మా వీధి పెద్దాయన ఒకరు కంగారుగా వచ్చారు. “ఏటి బాబూ, పోను కొట్లో కుర్రోడు కేష్ క్లియర్ సేసేత్తానంతన్నాడు, బేంకులో డబ్బులు పోవు గదా?” అని. ఆ మాట వేరు, ఈ మాట వేరు అని పది నిమిషాలు చెప్పాను. ఆయన తల ఊపి, తిన్నగా బ్యాంకుకెళ్లి పాస్‌బుక్కు కొట్టించుకొచ్చాకే ఫోను ఆ కుర్రాడి చేతికిచ్చారు.