అడవిని ఊరివాళ్ల చేతికిస్తే నరికి అమ్ముకోరా?

ఇలా అడిగేవాళ్లలో సగం మంది అడవిని కారు అద్దంలోంచి చూసినవాళ్లే అని నా అనుమానం, ఏమనుకోకండి. మాది రంపచోడవరం దగ్గర చిన్న ఊరు. నా జవాబు: నరకరు, కాకపోతే అడవి వల్ల ఇంట్లోకి నాలుగు డబ్బులు రావాలి.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో మా మావయ్యతో తపసి జిగురుకి వెళ్లేవాణ్ణి, అంటే తపసి చెట్టుకి గాటు పెడితే కారే బంక ఏరి అమ్మడానికి. అప్పట్లో అందరిదీ గొడ్డలి గాటే, ఎంత లోతుగా కొడితే అంత కారుతుందని. ఓ రోజు నా బలం చూపిద్దామని మాను లోపలిదాకా దించేశాను. "పాలిచ్చే గేదెని కోసుకు తింటావురా?" అని వీపు మీద ఒక్కటిచ్చాడు, ఆయన గాట్లేవో సున్నితమైనట్టు! రెండేళ్లకి ఆ చెట్టు ఎండిపోయింది. తర్వాత ఎవరో వచ్చి చిన్న కత్తితో బెరడు పలచగా చెక్కడం, వానాకాలం చెట్టుని వదిలేయడం నేర్పారు. మావయ్య మొదట నవ్వాడు. మట్టీ బెరడూ లేని తెల్ల జిగురుకి జీసీసీ (అడవి సరుకు కొనే ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ) వాళ్లు మొదటి రకం రేటు కట్టాక నవ్వడం మానేశాడు. అది విదేశాల్లో కట్టుడుపళ్లు అంటించే పొడిలో వాడతారని చెబితే, ఒక్క పన్నూ లేని మా అమ్మమ్మ పడీపడీ నవ్వింది.

ఆ తర్వాత ఓ ఏడు కొండకి నిప్పంటుకుంటే పచ్చి కొమ్మ పట్టుకుని ముందు పరిగెత్తింది ఆయనే. అంతకుముందు వన సంరక్షణ సమితి (అటవీ శాఖతో కలిసి అడవిని కాపాడ్డానికి ఊరివాళ్లతో పెట్టిన సంఘం) మీటింగులకి వెళ్లి టీ తాగి వచ్చేసేవాడు. ఆ సమితి సంగతి అడక్కండి, మా ఊళ్లో గుంతలు తవ్విన కూలి వచ్చినన్నాళ్లే నడిచింది. ఖాతాలో డబ్బు తియ్యాలంటే ఆఫీసరు సంతకం కావాలి, ఆయనేమో ఎప్పుడూ క్యాంపులోనే.

వెదురు కథ ఇంకా ఘోరం. బడిలో గడ్డిజాతి అంటారు, 1927 అటవీ చట్టం చెట్టు అంది, అంటే అడవిలో వెదురు కొట్టి అమ్మాలంటే అటవీ శాఖ అనుమతి కావాల్సొచ్చేది. అడవిలో బతికేవాళ్లకి దాని మీద హక్కులిచ్చే 2006 చట్టం వచ్చాక కూడా మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా లేఖా ఊరికి 2009లో అడవి మీద హక్కు పత్రం ఇచ్చి, సొంత వెదురు అమ్ముకునే రవాణా పర్మిట్లు 2011లో గానీ ఇవ్వలేదు, అదీ కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయంగా వస్తేనే.

మావయ్యకిప్పుడు మోకాళ్ల నొప్పులు, జిగురు పని కొడుకు చూస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి ఈ ఏడు రేటు పడిపోయింది, హైదరాబాద్‌లో ఏదైనా పని చూడు బావా అన్నాడు. నా టెన్షన్ అది.