పాడుపడ్డ బొగ్గు గనిలో రాతి ముక్కల చిత్రాలు

ప్రశ్న: అమెరికాలో మూతపడిన ఒక బొగ్గు గనిని ఓ కళాకారిణి మొజాయిక్ చిత్రాలతో నింపుతున్నారని విన్నాను. ఎవరామె? శిథిలాలకు ఈ అలంకారం దేనికి?
– ఒక పాఠకురాలు, ఇల్లందు

జవాబు: ఆమె పేరు రేచల్ సేగర్. పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్ నగరానికి ఆగ్నేయంగా, యాకగేనీ నది ఒడ్డున విట్‌సెట్ అనే చిన్న ఊరుంది. పిట్స్‌బర్గ్ ఉక్కు కొలుములకు బొగ్గునూ, దాన్ని గాలి తగలకుండా కాల్చి చేసే కోకునూ అందించిన ప్రాంతమది. అక్కడి బానింగ్ నంబర్ 2 గని మూతపడ్డాక దాని ఉపరితల కట్టడాలు పైకప్పులు పోయి, మొండి గోడలుగా చెట్ల మధ్య మిగిలాయి. అప్పటికే మొజాయిక్ కళలో స్థిరపడిన సేగర్ 2015లో ఆ స్థలాన్ని కొని, ‘రూయిన్స్ ప్రాజెక్ట్’ పేరుతో పని మొదలుపెట్టారు. పాత రైలు మార్గంపై వేసిన సుమారు 240 కిలోమీటర్ల సైకిల్ బాట ఆ ఊరి మీదుగానే పోతుంది కనుక సందర్శకులకు కొదవ లేదు. అనేక దేశాల కళాకారులు చేసిన మొజాయిక్‌లు కూడా ఆ గోడలకెక్కాయి.

అయితే దీన్ని అలంకారమనడానికి నాకు మనసొప్పదు. గోడను నున్నగా చేసి రంగు పూస్తే గని జాడ చెరిగిపోతుంది. ఇక్కడ పగుళ్లనూ పెచ్చులూడిన చోట్లనూ అలాగే ఉంచి, వాటి మధ్య గని కార్మికుల, బొగ్గు చరిత్రకు సంబంధించిన చిత్రాలు అమర్చారు. సేగర్ వాడే సరుకులో చాలా భాగం ఆ నేల నుంచి ఏరుకున్నదే: ఇసుకరాయి, సున్నపురాయి, షేలు (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన పొరల రాయి), బొగ్గు. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది ‘రెడ్ డాగ్’. గని వ్యర్థాల గుట్టలు లోలోపల అంటుకుని ఏళ్ల తరబడి కాలినప్పుడు బూడిదరంగు షేలు ఇటుకరంగుకు తిరుగుతుంది; దాన్నే ఆ ప్రాంతంలో అలా పిలుస్తారు.

రాయి కొట్టే పద్ధతి రోమన్ల కాలం నాటిది. చెట్టు మొద్దులో నిలువుగా దిగేసిన ఉలి అంచుపై రాయిని పట్టుకుని, సరిగ్గా దానికి ఎదురుగా విల్లులా వంగిన సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే, రాయి ఆ గీత వెంబడి చీలి, ఇన్నాళ్లూ వెలుగు చూడని లోపలి ముఖం బయటపడుతుంది. చిత్రంలో పైకి కనిపించేలా పెట్టేది తరచుగా ఆ ముఖాన్నే.

ప్రశ్న: ఆరుబయట ఇవి ఎండకూ వానకూ ఆగుతాయా? మన సింగరేణిలో ఇలాంటిది సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రాయికి ఎండ లెక్క కాదు. చలి దేశాల్లో అసలు శత్రువు మంచు: పగుళ్లలోకి చేరిన నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బి, ముక్కలను గోడ నుంచి నెట్టేస్తుంది. అందుకే అక్కడ ఆరుబయట పనికి మామూలు జిగుర్లు కాక సిమెంటు ఆధారిత గారనే వాడతారు. మనకు ఆ బెడద లేదు గాని, వానలకు గోడ వెనక నుంచి దిగే చెమ్మ ఉంది.

సింగరేణి ప్రాంతంలో ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం 1889లోనే మొదలైంది. గోదావరి లోయలో బొగ్గు పొరలకు పైనా కిందా ఉండేవి ఇసుకరాయి, షేలే కాబట్టి సరుకుకు కరువు లేదు. చిక్కల్లా స్థలంతోనే. సేగర్ తన సొంత భూమిలో పని చేస్తున్నారు. మన గనుల స్థలాలు సంస్థ అధీనంలో ఉంటాయి, పైగా భూగర్భ గనుల మీది నేల కుంగే ప్రమాదముంది. కనుక ముందు సంస్థ అనుమతి, గోడల పటిష్ఠతపై ఇంజనీర్ల నివేదిక చేతికి రావాలి. సుత్తి పట్టడం ఆ తరవాతి మాట.