ఆ రోజు అక్కడ ఇంకెవరున్నారు?

చిన్నితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు నెల రోజులు సెలవు పెట్టి ఊరికి వస్తున్నావట. ఈ నాలుగైదేళ్లలో పోయినవాళ్లందరి గురించీ ఇంటింటికీ తిరిగి అడిగి, రాసి, పుస్తకంగా వేయిస్తావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. పలక మీద 'అ' దిద్దమంటే వెక్కి వెక్కి ఏడ్చిన పిల్లవి, ఇవాళ ఊరి వాళ్ల బతుకులు రాస్తానంటున్నావు. గర్వంగా ఉందే తల్లీ. అయినా రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పని నేనూ ఒకసారి చేశాను. చేసి ఒక తప్పు చేశాను. అది మీ అమ్మకు కూడా తెలియదు. ఫోన్లో చెప్పబోతే గొంతు పట్టేస్తుంది, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తాను. ఏ ఇంటికైనా ముందు కబురు పెట్టి వెళ్లు. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు అడుగు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు. చెప్పేవాళ్ల మాట తడబడి ఆగిపోతే నువ్వు వెంటనే ఇంకో ప్రశ్న వేయకు, ఊరుకో. అసలు మాట ఆ తర్వాతే వస్తుంది. పాత ఫొటోలు చూపిస్తే అక్కడికక్కడే ఫోన్లో తీసుకుని తిరిగిచ్చెయ్, ఇంటికి పట్టుకెళ్లకు. ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి వరసగా చెప్పించుకో. ఇంకో పదేళ్లకు ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లు మిగలరు.

ఇంకొకటి, నవ్వకుండా విను. పాడుబడ్డ బావుల దగ్గర ఫొటోలు తీస్తూ వెనక్కి అడుగులేయకు. గట్టు మీద కూర్చోకు. ఎందుకింతగా చెప్తున్నానో కింద నీకే తెలుస్తుంది.

విన్నది ఆ రాత్రే రాసుకో. మా టీచర్ ట్రైనింగ్‌లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ గురించి చెప్పేవారు. అర్థం లేని అక్షరాల వరసలు తనే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే లెక్క కట్టుకుని 1885లో అచ్చు వేసిన జర్మన్ ఆయన. మరుపు మెల్లగా రాదు, మొదటి గంటలోనే పెద్ద ముక్క పట్టుకుపోతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది అని ఆయన తేల్చాడు. రికార్డింగ్ ఉంది కదా అంటావు. నిజమే, మాట ఫోన్లో ఉంటుంది. కానీ ఆమె ఆ మాట అంటూ ఆయన చెప్పుల వైపు చూసిందనీ, అవి ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయనీ ఫోన్‌కు తెలియదు.

పుట్టిన సంవత్సరం చాలామంది విషయంలో ఇంట్లోవాళ్లకే తెలియదు. గట్టిగా అడిగితే ఏదో ఒకటి చెప్తారు, అది రాసెయ్యకు. ఊరికి కరెంటు వచ్చేనాటికి ఆమెకు పెళ్లయిందా, పెద్దవాడు అప్పటికి నడుస్తున్నాడా అని అడుగుతూ పోతే లెక్క దగ్గరకొస్తుంది. రాకపోతే 'ఎనభై దాటిన మనిషి' అని రాయి, చాలు.

2020, 2021ల్లో పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు మాత్రం ఒక పూటంతా ఉంచుకుని వెళ్లు. కడసారి చూపు కూడా దక్కనివాళ్లు ఆ ఇళ్లలో ఉన్నారు. అప్పుడు పలకరించడానికి ఎవరూ రాలేకపోయారు. ఇన్నేళ్లకు గడప తొక్కి, ఆయన గురించి చెప్పండి అని అడిగే మొదటి మనిషివి నువ్వే అవుతావు. అక్కడ పుస్తకం సంగతి పక్కన పెట్టు.

నీ జాబితాలో తనంతట తాను వెళ్లిపోయిన పిల్లాడొకడున్నాడు. నీతోపాటే నా క్లాసులో కూర్చున్నవాడు. వాడి పేజీ తలుచుకుంటేనే నాకు టెన్షన్‌గా ఉంది. ఎలా పోయాడో, ఎక్కడో, దేనితోనో ఒక్క ముక్క రాయకు. ఫలానా దానివల్లే అని ఒకే కారణం తేల్చకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలవాళ్లకు చెప్పేదీ ఇదే. పద్ధతి వర్ణిస్తే, కష్టాల్లో ఉండి చదివే ఇంకో పిల్లాడి మీద అది పనిచేస్తుంది. వాళ్లమ్మ మాట్లాడనంటే బలవంతం చేయకు. దారిలో ఎవరి సైకిల్ చైన్ ఊడినా వాడు కింద కూర్చుని ఎక్కించేవాడు, నల్లటి చేతులతో బడికొచ్చేవాడు. కడుక్కురా పో అని రోజూ తిట్టి పంపేదాన్ని. తల దించుకుని నవ్వుతూ పోయేవాడు. నువ్వు అది రాయి తల్లీ. వాడి చేతులు రాయి.

ఇక నా సంగతి.

మా బడికి స్థలం ఇచ్చిన పెద్దాయన పోయినప్పుడు నీకు నాలుగేళ్లు. బడిలో సంతాప సభ పెట్టారు. ఆయన జీవితం రాసి చదవమని నాకు అప్పగించారు. ఊళ్లో తెలుగు బాగా రాసేది నేనేనని పేరు. మూడు రోజులు తిరిగాను. ఆయన పెద్దకొడుకును అడిగాను, ఆయన స్నేహితులిద్దర్ని అడిగాను, మా హెడ్మాస్టరుగారిని అడిగాను. నలుగురూ మొదట చెప్పింది ఒకటే. చాలా ఏళ్ల కిందట ఆరేళ్ల పిల్లాడు ఊరబావిలో పడితే, ఆయన కట్టుబట్టలతో దూకి పైకి తెచ్చాడని. నలుగురు ఒకే మాట చెప్తే ఇంకేం కావాలి? ఆ ముక్కనే నడుమ పెట్టుకుని రాశాను. ఆయన నీళ్లలో చెయ్యి చాపడం, పిల్లాడి జుట్టు చేతికి అందడం, అంతా కళ్లకు కట్టినట్టు రాశాను. ఎవరూ చెప్పనిది కూడా రాశాను. సభలో చదువుతుంటే జనం కళ్లు తుడుచుకున్నారు. నాకూ గొంతు వణికింది.

ఆ జనం వెనకాల, గోడవారగా, గడ్డిమోపుతో పోతున్న ఒకావిడ ఆగడం చూశాను. మోపు కింద దించి నిలబడింది. చివరిదాకా విన్నది. తర్వాత మోకాలు వంచి, ఎడమచేత్తో మోపు పైకి లాక్కుని తలకెత్తుకుని వెళ్లిపోయింది. కుడిచేతి మణికట్టు వంకరగా అతుక్కుని ఉండేది, ఆ చేత్తో బరువు ఎత్తలేదు. బడి ముందు నుంచి ఆమె ఆ చేత్తో వెళ్లడం ఏళ్ల తరబడి చూశాను. ఎలా విరిగిందో ఒక్కసారి అడగలేదు.

రెండేళ్ల తర్వాత ఒక కుర్రాడు ఇంటికొచ్చాడు. ఉద్యోగం దొరికిందని చెప్పడానికి వచ్చాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "టీచర్‌గారూ, మీరు రాసింది చదివాను. నన్ను బావిలోంచి తీసింది ఆయన కాదండీ" అన్నాడు. ఆ పిల్లాడు ఇతనే. నీళ్ల కోసం వచ్చినావిడ చేద తాడు పట్టుకుని లోపలికి జారిందట. జారుతూ బావి రాళ్లకు చెయ్యి కొట్టుకుంది. విరిగిన చేత్తో తాడు, రెండో చేత్తో వీణ్ణి పట్టుకుని, రాతి అంచు మీదికి నెట్టి, అరుస్తూ ఉండిపోయింది. అరుపులకు పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు, మనుషుల్ని పిలిచాడు, తాళ్లు వేయించాడు. పైకొచ్చిన పిల్లాణ్ణి గుండెలకు హత్తుకుని వీధి పొడవునా పరిగెత్తి, బండి కట్టించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఊరంతా చూసింది అదే. ఆయన చొక్కా తడిసిపోయి ఉంది. పిల్లాడి ఒంటి నీళ్లతో తడిసిన చొక్కా అది. బావిలో ఏం జరిగిందో ఎవరూ చూడలేదు, తడి చొక్కా మాత్రం అందరూ చూశారు.

ఆ సాయంత్రమే ఆమె దగ్గరికి వెళ్లాను. పొయ్యిలోకి పుల్లలు విరుస్తోంది, మోకాలి కింద పెట్టి ఒంటిచేత్తో. "నువ్వు చదివినప్పుడు విన్నానమ్మా, బాగా రాశావు" అంది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అన్నాను. కోపం లేదు, ఏమీ లేదు, నా మొహంలోకి చూసి, "నన్నెవరడిగారు?" అంది.

సరిచేసి రాస్తానని మాటిచ్చి వచ్చాను. ఆ రాత్రే పాత హాజరుపట్టీ వెనక పేజీలో అంతా రాసుకున్నాను. కానీ చదవలేదు. పెద్దాయన పిల్లలు నొచ్చుకుంటారని, బడికి వాళ్ల సాయం ఆగిపోతుందని, మంచి సమయం చూసి చెప్దామని వాయిదా వేశాను. ఆ వానాకాలం ఆమె పోయింది. ఆమెకు పిల్లల్లేరు. సభ ఎవరు పెడతారు? రాయమని నన్నెవరూ అడగలేదు, నేనూ రాయలేదు.

తర్వాత చాలా ఏళ్లకు అలెస్సాండ్రో పోర్టెల్లి అనే ఇటలీ ఆయన పని గురించి చదివాను. మామూలు మనుషుల జ్ఞాపకాలు రికార్డు చేసి చరిత్ర రాసే మనిషి. టెర్ని అనే ఫ్యాక్టరీ ఊళ్లో లూయిజీ ట్రస్తుల్లి అనే 21 ఏళ్ల కార్మికుణ్ణి పోలీసులు చంపింది 1949 మార్చిలో. ఊళ్లోవాళ్లను అడిగితే చాలామంది అది 1953లో, వేలమంది పనులు పోయినప్పుడు జరిగిన గొడవల్లో జరిగిందని చెప్పారట. ఎవరూ అబద్ధం ఆడలేదు. తమకు పెద్ద దెబ్బ తగిలిన చోటికి ఆ చావును జరుపుకున్నారు. అది చదివి పుస్తకం మూసేశాను. మా ఊరూ అంతే చేసింది. ధైర్యం ఎవరిదగ్గర ఉండాలని అనుకుందో వాళ్ల దగ్గరే పెట్టింది. దానికి అచ్చు వేసి ముద్ర కొట్టింది నేను.

అందుకే ప్రతి ఇంట్లోనూ, ప్రతి కథ దగ్గరా ఇది అడుగు: ఆ రోజు అక్కడ ఇంకెవరున్నారు? పేరు చెప్పగానే లేచి వాళ్ల దగ్గరికి వెళ్లు. రేపు వెళ్దాంలే అనుకోకు. నీకు వాయిదా వేసే అలవాటుంది, నా దగ్గరే నేర్చుకున్నావేమో. నలుగురు ఒకేలా చెప్పిన కథ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండు. ఆ నలుగురూ ఒకరినుంచి ఒకరు విన్నారో, నలుగురూ కళ్లారా చూశారో అడిగి తెలుసుకో.

పోయినవాళ్ల జాబితా కూడా పెద్ద ఇళ్లలో కూర్చుని రాయకు. వాళ్లకు గుర్తుండేది వాళ్లవాళ్లే. ప్రతి వీధీ చివరిదాకా నడువు. పశువులు కాసినవాళ్లు, బావులు తవ్వినవాళ్లు, ఎక్కడినుంచో వచ్చి ఇక్కడే ఉండిపోయి ఒంటరిగా పోయినవాళ్లు, వీళ్లను అడిగి అడిగి రాబట్టాలి. ఆడవాళ్లకు ఫలానా ఆయన భార్య అని రాసి వదిలేయకు, ఆమె పేరు కనుక్కో. ఇది పెద్ద పెద్దవాళ్లూ చేసిన పొరపాటే. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 1851 నుంచి రాసిన నివాళుల్లో ఎక్కువ భాగం తెల్లవాళ్లవీ, మగవాళ్లవీనని 2018లో తనే ఒప్పుకుని, వదిలేసినవాళ్లకు ఒక్కొక్కరికీ రాయడం మొదలుపెట్టింది. 1969లో పోయిన మన మధుబాలకు అప్పుడు రాశారు, 49 ఏళ్ల తర్వాత. అంత అందరికీ తెలిసిన మనిషికే అలా జరిగితే గడ్డిమోపు మోసిన మనిషి సంగతి చెప్పాలా?

పెద్దాయన్ని తక్కువ చేశానని అనుకోకు. ఆయన ఆ రోజు చెప్పుల్లేకుండా వీధి పొడవునా పరిగెత్తాడు, పిల్లాడికి ఊపిరి సరిగ్గా ఆడేదాకా డాక్టరు గుమ్మం వదల్లేదు. అది నిజం, మంచి నిజం. నేను దాన్ని కప్పేసి లేనిది తగిలించాను. ఆయన బతికుంటే ఆయనే వద్దనేవాడేమో.

నీ పుస్తకం ఈ నాలుగైదేళ్లలో పోయినవాళ్లదని తెలుసు. ఆమె పోయి ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఒక్క పేజీ ఇవ్వమని అడుగుతున్నాను. ఆ కుర్రాడికి ఇప్పుడు యాభై దగ్గరపడింది, నంబర్ నా దగ్గరుంది. మాట్లాడతానన్నాడు. పెద్దాయన మనవరాలికి మాత్రం అచ్చుకు ముందే చదివి వినిపించు. నేనూ నీతో వస్తాను, ఆ మాట నా నోటితోనే మొదలుపెడతాను.

హాజరుపట్టీ పెట్టెలోంచి తీసి పెట్టాను. అంచులు చెద తినేసింది గానీ రాసిన పేజీ బాగానే ఉంది. ఆమె పేరు అందులో ఉంది. ఈ ఉత్తరంలో రాయడం లేదు, నువ్వు వచ్చి నీ చేత్తో ఎత్తి రాసుకో. ఊళ్లో దిగగానే ముందు మా ఇంటికి రా.

మీ పెద్దమ్మ