కోర్సు సంగతి తర్వాత, ముందు బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడండి

ప్రశ్న: ఎంబీఏ మార్కెటింగ్ చేసి, గుంటూరులోని ఒక సూపర్‌మార్కెట్‌లో ట్రైనీ ఫ్లోర్ మేనేజర్‌గా చేరాను. కస్టమర్ల ఫిర్యాదులు పెరిగాయని ప్రతి రివ్యూలోనూ మాట పడుతున్నాను. నవ్వుతూ మాట్లాడమని సిబ్బందికి చెబుతూనే ఉన్నా మార్పు లేదు. 60 వేల రూపాయల ఫీజుతో ఆన్‌లైన్‌లో ‘కస్టమర్ ఎక్స్‌పీరియన్స్’ సర్టిఫికెట్ కోర్సు ఉంది. చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఫిర్యాదులు పెరిగాయని రాశారు గానీ, అవి దేని మీదో ఒక్కటీ రాయలేదు. మీ దగ్గర ఆ లెక్క లేదని నా అనుమానం.

హెన్రీ ఫేయోల్‌ని మొదటి సెమిస్టర్‌లోనే చదివి ఉంటారు. ఫ్రాన్స్‌లో గనుల కంపెనీ నడిపిన ఇంజినీరు. ప్లానింగ్, ఆర్గనైజింగ్, కమాండింగ్, కోఆర్డినేషన్, కంట్రోల్ అని 1916లో ఆయన మేనేజర్ పనులుగా చెప్పినవాటిని మనం మార్కుల కోసం బట్టీపట్టి, పరీక్ష హాల్లోనే వదిలేస్తాం. మీ షాపులో ఇప్పుడు లోపించినవి అవే. జపాన్ కార్ల కంపెనీ టొయోటాలో ఇంజినీరు తైచీ ఓనో నేల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి, అందులో గంటల తరబడి నిలబడి పని ఎలా సాగుతోందో చూడమనేవారని చెబుతారు. మీరూ ఓ వారం పాటు సాయంత్రం 6 నుంచి 9 దాకా బిల్లింగ్ దగ్గర నిలబడండి. ఎవరినీ ఏమీ అనకండి. బిల్లు ఎక్కడ ఆగిందో, ఎందుకు, ఎంతసేపు ఆగిందో పుస్తకంలో రాసుకోండి.

ఇలాంటి షాపుల్లో సాధారణంగా కనబడేవి ఇవీ: కూరగాయలు తూయించి స్టిక్కర్ వేయించుకోకుండా వచ్చినావిడను క్యాషియర్ వెనక్కి పంపుతాడు, లైను మొత్తం ఆగిపోతుంది. ర్యాక్ మీద ఆఫర్ కార్డు మారింది, సిస్టంలో ధర మారలేదు. ధర సరిచేసే అధికారం సూపర్‌వైజర్‌కే ఉంది, ఆయనేమో గోడౌన్‌లో లోడు దించుకుంటున్నాడు. సరిగ్గా రద్దీ వేళకే షిఫ్ట్ మారుతుంది, క్యాష్ ట్యాలీ కోసం రెండు కౌంటర్లు మూసేస్తారు. ఇందులో దేన్ని నవ్వు బాగుచేస్తుంది చెప్పండి?

షిఫ్ట్ మారే వేళను మధ్యాహ్నం నాలుగుకు జరపొచ్చు. లోడు ఉదయమే దింపించుకోవచ్చు. సాయంత్రాలు కాటా దగ్గర ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టొచ్చు. షట్టర్ ఎత్తకముందే ఆఫర్ సరుకులు స్కాన్ చేసి ధర సరిచూడొచ్చు. జీతాలు పడే మొదటి వారానికీ, నెలాఖరుకీ ఒకే రోస్టర్ (డ్యూటీల పట్టిక) ఎందుకు? ట్రైనీగా ఇవన్నీ మీ చేతిలో ఉండవు, నిజమే. మీ పుస్తకం స్టోర్ మేనేజర్ ముందు పెట్టి, ఒక్క మార్పును రెండు వారాలు చేసి చూద్దామని అడగండి. ఫిర్యాదుల చిట్టా పట్టుకెళ్తే విసుక్కునేవారు కూడా అంకెలు చూపిస్తే వింటారు.

నవ్వమని చెప్పే ముందు క్యాషియర్‌కు స్టూల్ ఉందో లేదో చూడండి. షాపుల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలను సవరించాయి. మీరు చట్టం కోసం ఆగనక్కర్లేదు.

ఇంత చేశాక కూడా చదవాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల పోర్టల్ ‘స్వయం’లో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పాఠాలు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. రేపు స్టోర్ మేనేజర్ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మాత్రం, లైనులో ఆగే సమయాన్ని ఎంత నుంచి ఎంతకు తగ్గించారో ఆ పుస్తకం చూసి చెప్పండి.