పోయినేడు జానెడు, ఈ ఏడు బెత్తెడు

టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి ఒక తమ్ముడి సందేహం: "అన్నా, పోయినేడు ఏప్రిల్లో ఆఫీసులో ఒకాయన తీసుకెళ్తే లవాన్ లేక్‌లో ఒక్కోటి 12 అంగుళాల క్రాపీలు (ఇక్కడి మంచినీటి చేపలు) పడ్డాయి. ఆ ఊపులో గాలం కర్రలు, కూలరు, మడత కుర్చీలు అన్నీ కొనేశాను. ఈ ఏడు అదే చోటు, అదే నెల, అదే ఎర. పొద్దుటి నుంచి నలభై పడితే ఇంటికి తెచ్చుకోదగ్గవి మూడే. మిగిలినవన్నీ అరచేతిలో పట్టేవి. చెరువు పాడైపోయిందా? ఇంకోటి చూసుకోమంటావా?"

చెరువుకేం కాలేదు తమ్ముడూ. పోయినేడు నీకు పడింది ఒకే ఏడు పుట్టిన ఒక బ్యాచ్, ఈ ఏడు పడింది దాని జూనియర్ బ్యాచ్.

మన ఊరి చెరువు లెక్క వేరు. వానాకాలంలో బొచ్చె, శీలావతి, బంగారుతీగ పిల్లల్ని వదులుతారు. వేసవిలో నీళ్లు తగ్గాక వలలేసి ఊడ్చేస్తారు. అన్నీ ఇంచుమించు ఒకే ఈడువి, ఒకే సైజువి. అందుకే చెరువు మంచిదో కాదో ఒక్క పట్టుతో తేల్చేయడం మనకి అలవాటు. ఇక్కడి రిజర్వాయర్లలో క్రాపీ తనంతట తనే గుడ్లు పెట్టుకుని పెరుగుతుంది. ఆడచేప వేలకి వేలు గుడ్లు పెడుతుంది, కానీ వాటిలో ఎన్ని బతికి బట్టకడతాయన్నది ఆ వసంతంలో నీళ్లు ఎంతున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. నీళ్లు పెరిగి ఒడ్డున ఉన్న గడ్డీ పొదలూ మునిగితే పిల్లలకి దాక్కునే చోటు దొరుకుతుంది, తినడానికి కంటికి ఆననంత సన్న పురుగులు బాగా పుడతాయి. నీళ్లు అడుగంటి ఒడ్డు బోసిగా ఉంటే ఆ ఏటి బ్యాచ్ దాదాపు లేనట్టే. మంచి బ్యాచ్ ఏటా రాదు, కొన్ని చెరువుల్లో మూడు నాలుగేళ్లకోసారి వస్తుంది.

2011లో మొదలైన కరువు ఇక్కడి పాతకాపులందరికీ గుర్తే. లవాన్ నీళ్లు వెనక్కి పోయి, బయటపడ్డ నేల మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. 2015 మేలో కుండపోతగా కురిసి ఆ మొక్కలన్నీ నీళ్లకింద పడ్డాయి. మా ఊళ్లో చెరువు అలుగు పారితే పెద్దవాళ్లు ముందు చేపల గురించే మాట్లాడుకునేవాళ్లు. నాకూ అదే గుర్తొచ్చింది. మరుసటేడు సంబరంగా వెళ్తే అన్నీ బెత్తెడు చేపలే. నీలాగే తిట్టుకుని రెండేళ్లు ఇంకో చెరువుకి పోయాను. నా తెలివితక్కువ! అలుగు పారిన ఏడు పుట్టిన పిల్ల ఆ మరుసటేడుకే కూరకి రాదు కదా. క్రాపీ 10 అంగుళాలకి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. పైగా బ్యాచ్ మరీ పెద్దదైతే తిండికి పోటీ ఎక్కువై ఇంకాస్త నెమ్మదిగా పెరుగుతాయి. నాలుగైదేళ్లు దాటి బతికేవి తక్కువ. అంటే ఒక బ్యాచ్ మన చేతికి అందేది ఒకటి రెండు సీజన్లు. పోయినేడు నువ్వు పట్టింది అలాంటి సీజన్ చివర్లో కావచ్చు.

ఇది కనిపెట్టడానికి ఒక చిన్న పని చెయ్యి. పడ్డ ప్రతి చేపనీ, వదిలేసేదైనా సరే, కొలిచి ఫోన్లో రాసుకో. అన్నీ 6, 7 అంగుళాల దగ్గరా, కాసిని 12 దగ్గరా ఉండి మధ్యలో ఏమీ లేవంటే, నడుమ ఒక ఏడు బ్యాచ్ పోయిందన్నమాట. అక్టోబరులో 8, 9 అంగుళాలవి విరగబడి పడుతుంటే వచ్చే వసంతానికి ఆఫీసులో సెలవు ముందే పెట్టేసుకో. 10 అంగుళాల క్రాపీ ఇంచుమించు అరపౌను తూగుతుంది, 12 అంగుళాలది పౌనుకి దగ్గరగా వస్తుంది. ఒక్క ఏడు ఆగితే కూర దాదాపు రెట్టింపు.

కొలవడం సరదాకే కాదు. టెక్సాస్‌లో చాలా చెరువుల్లో క్రాపీకి కనీసం 10 అంగుళాలు ఉండాలి, మనిషికి రోజుకి 25. నోరు మూసి, తోక రెండు పాయలూ దగ్గరికి నొక్కి, ఆ చివర నుంచి ఈ చివరకి కొలవాలి. జాన మీద వేలెడు అని చేత్తో చూసుకోకు, నిబంధనలు తనిఖీ చేసే వార్డెన్ దగ్గర స్కేలు ఉంటుంది. పులుసు ముక్కలు చేసుకుపోదామని ఒడ్డునే తలా తోకా కోసేయకు, కొలవడానికి ఏం మిగలదు. లైసెన్సు సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా. జూలైలో కొంటే రెండు నెలలకే అయిపోతుంది. వరుసగా ఆరు నెలలకి పైగా ఇక్కడే ఉంటేనే రెసిడెంట్ రేటు, మంచినీటి చెరువుల్లో చేపలు పట్టే లైసెన్సు ప్యాకేజీ 30 డాలర్లు. నిన్నగాక మొన్న దిగినవాళ్లకి 58. అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ల చేతికి కర్ర ఇచ్చి కూర్చోబెట్టాలంటే స్టేట్ పార్కుకి తీసుకెళ్లు, అక్కడ ఒడ్డు మీద నుంచి పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు.

కొన్ని చోట్ల మాత్రం ఈ లెక్క తలకిందులు. డాలస్‌కి తూర్పున గంటన్నర దూరంలో లేక్ ఫోర్క్ ఉంది, 27,690 ఎకరాలు. అక్కడ డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా చిన్నదైనా వదలకూడదు, పడ్డవన్నీ ఉంచుకోవాల్సిందే, 25 కాగానే సరి. చలికాలంలో క్రాపీ లోతున ఉంటుంది, అక్కడి నుంచి ఒక్కసారిగా పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బిపోయి, వదిలినా బతకదు. "పాపం చిన్నది" అని జాలిపడి వదిలేస్తే నేరం చేసినట్టే. బయల్దేరే ముందు ఆ చెరువు నిబంధనలు చూసుకోవడం అందుకే.

పట్టే విషయంలో రెండే మాటలు. ఎర్రలు గుచ్చితే బ్లూగిల్లూ, జెల్లలూ పడతాయి. క్రాపీకి మిన్నో చేపపిల్ల కావాలి, లేదా సన్న జిగ్ (బరువు తల ఉన్న గాలానికి తొడిగిన ఉత్తుత్తి ఎర). దాని చూపు ఎప్పుడూ పైకే, కాబట్టి ఎర దానికంటే కాస్త పైన వేలాడేలా బెండు సరిచెయ్యి. మరీ కిందికి దించితే ఎన్ని గంటలైనా అలాగే కూర్చుంటావు. నోరు తమలపాకంత పలచన. జెల్లని గుంజినట్టు గుంజావో, పెదవి చిరిగి జారిపోతుంది. పాత క్రిస్మస్ చెట్లకి బరువు కట్టి నీళ్లలో ముంచుతారు ఇక్కడ, అలాంటి కొమ్మల గుట్టలు ఎక్కడున్నాయో పక్కవాళ్లు నీకు చెప్పరు. నేనూ చెప్పను.

వండటం గురించి అడగలేదు గానీ, పులుసు పెట్టకు. మాంసం మెత్తన, గరిటె తగిలితే విడిపోతుంది. అల్లం వెల్లుల్లి, కారం, కాస్త బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేపుకో. మా ఇంట్లో చందువకి అలవాటుపడ్డ నోళ్లు కూడా ఒప్పుకున్నాయి.

వచ్చే మార్చిలో రెడ్‌బడ్ చెట్లు గులాబీ రంగుకి తిరిగినప్పుడు, నీళ్లు 60 ఫారెన్‌హీట్ దాటాక, లవాన్‌కే వెళ్లు. ఈ ఏడు వదిలేసిన ఆ అరచేతి చేపలు అప్పటికి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. శనివారమైతే మిన్నోలు తెల్లారకముందే కొనుక్కో, ఎండెక్కేసరికి దుకాణంలో ఖాళీ తొట్టే మిగులుతుంది.