వాయిస్తుండగా ట్యూబ్ యాంప్ ఆగిపోతే: కొత్త ట్యూబులు కొనేముందు చూడవలసినవి

స్పీకర్‌ను నడిపే రెండు ఈఎల్84 పవర్ ట్యూబులున్న మీ 15 వాట్ల గిటార్ యాంప్ (యాంప్లిఫయర్) సాధన మధ్యలో టప్పుమని ఆగిపోయిందని, ఫ్యూజు పోయిందని, కొత్తది వేస్తే అదీ వెంటనే పోయిందని రాశారు. ఇంకొంచెం పెద్ద ఫ్యూజు వేసి చూడవచ్చా, లేక ట్యూబులన్నీ ఒకేసారి మార్చేయాలా అని అడిగారు. పెద్ద ఫ్యూజు మాత్రం దయచేసి వేయవద్దు. ట్యూబులు వాడకంలో అరిగిపోయేవే కాబట్టి వాటిని మార్చుకోవచ్చు, కానీ ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి అలా కాదు. యాంప్ వెనుక రాసి ఉన్న విలువకు మించిన ఫ్యూజు పెడితే, లోపల ఎక్కడో షార్ట్ ఉన్నప్పుడు కాలిపోయేది ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలే. వాటిని తెప్పించడానికైనా, మళ్లీ చుట్టించడానికైనా అయ్యే ఖర్చు ముందు ట్యూబుల ఖర్చు చాలా చిన్నది.

ట్యూబులు మార్చే విషయంలో కూడా తొందరపడవద్దని చెప్పడానికి నాకు బలమైన కారణం ఉంది. సికింద్రాబాద్‌లో మా చర్చి బృందం క్రిస్మస్ పాటలు సాధన చేస్తున్నప్పుడు నా యాంప్ ఇలాగే ఆగిపోయింది. అదీ రెండు ఈఎల్84ల యాంపే. ముందు ధ్వని పలచబడి బొంగురుపోయింది, గుయ్‌మనే హమ్ పెరిగింది. వెనుకకు వెళ్లి చూస్తే ఒక పవర్ ట్యూబు లోపలి బూడిదరంగు రేకు మధ్యలో ఎర్రటి మచ్చ తేలి, చూస్తుండగానే విస్తరించింది. స్విచ్ దగ్గరికి చేయి వెళ్లేలోపే ఫ్యూజు పోయింది. ట్యూబు అడుగున కనిపించే నారింజ వెలుగు ఫిలమెంటుది, అది ఉండవలసిందే. కానీ ఫిలమెంటు చుట్టూ ఉండే రేకు, అంటే ప్లేటు, ఎర్రబడిందంటే ఆ ట్యూబు గుండా అదుపు లేని కరెంటు పోతోందని అర్థం. ఆ స్థితిలో పాట పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే స్విచ్ ఆపాలి.

యాంప్‌ను కోఠీ గుజరాతీ గల్లీ దగ్గర పాత వాల్వు (ట్యూబు) రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్లాను. ఈఎల్84, ఈసీసీ83 వాల్వులు ఆయనకు కొత్త కాదు. ఈ రకం వాల్వులను ఒకప్పుడు మన దేశంలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారు చేసేది, పాత రేడియోల్లోనూ అవి ఉండేవి. గిటార్ యాంపుల్లో 12ఏఎక్స్7 అని పిలిచే ప్రీయాంప్ ట్యూబు, అంటే గిటార్ ధ్వనిని మొదట పెంచేది, ఆ ఈసీసీ83యే. ఆయన చేసిన పరీక్షలో మొదటి భాగానికి పెట్టె విప్పవలసిన అవసరం లేదు కాబట్టి మీరూ చేసుకోవచ్చు.

దానికి కావలసింది సిరీస్ బోర్డు. ఫేజ్ తీగ మధ్యలో 100 వాట్ల ఫిలమెంటు బల్బు వచ్చేలా కట్టిన సాకెట్టు బోర్డు అది, ఏ ఎలక్ట్రీషియన్ అయినా కట్టి ఇస్తాడు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, పాతకాలపు బల్బే వెతికి తెచ్చుకోవాలి. యాంప్ ప్లగ్ తీసి, ట్యూబులు చల్లారనిచ్చి, పవర్ ట్యూబులు రెండింటినీ నిలువుగా మెల్లగా పైకి లాగి తీయండి. స్పీకర్‌ను మాత్రం కలిపే ఉంచండి. స్పీకర్ లేకుండా వాల్వు యాంప్‌ను వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో పుట్టే అధిక వోల్టేజి దాని ఇన్సులేషన్‌నే చీల్చగలదు కాబట్టి, ఏ పరీక్షలోనైనా స్పీకర్ కలిపి ఉంచడం అలవాటు చేసుకోవడం మంచిది. ఇప్పుడు సరైన విలువ ఉన్న ఫ్యూజు వేసి, సిరీస్ బోర్డు మీద ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి ప్రకాశవంతంగా వెలిగి తగ్గిపోతే విద్యుత్ సరఫరా విభాగంలో షార్ట్ లేనట్టే. పవర్ ట్యూబులు లేకపోయినా బల్బు అలాగే వెలుగుతుంటే లోపం ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌లోనో, ఆ డీసీని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్‌లోనో, పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనో ఉంటుంది. అప్పుడు మీ పని అక్కడితో ఆపి మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లండి.

బల్బు తగ్గిపోతే అసలు ప్రశ్న మొదలవుతుంది: లోపం ట్యూబుతో పాటు వస్తోందా, సాకెట్టు దగ్గరే ఉండిపోతోందా? పెద్దాయన రెండు ట్యూబులనూ ఒకదాని చోట మరొకటి పెట్టి, కొద్దిసేపు వేడెక్కనిచ్చి, గదిలో దీపం ఆర్పి చూశారు. చల్లగా ఉన్నప్పుడు బాగానే కనిపించి, వేడెక్కాకే షార్ట్ అయ్యే ట్యూబులు ఉంటాయి కాబట్టి ఆ కొద్దిసేపు ఆగడం అవసరం. ఎర్రబడిన ట్యూబు కొత్త చోట కూడా ఎర్రబడితే దోషం దానిదే. అలాంటి ట్యూబు పైభాగంలో అద్దం లోపల వెండిలా మెరిసే పూత పాల తెలుపులోకి మారి ఉంటే, గాలి చొరబడిందని పరీక్ష లేకుండానే చెప్పవచ్చు. కానీ నా యాంప్‌లో చోటు మార్చిన తరువాత కూడా అదే సాకెట్టులోని ట్యూబు ఎర్రబడింది. అంటే అంతవరకు బాగున్న రెండో ట్యూబు కూడా అక్కడ పెట్టగానే అదే దారి పట్టింది. నేను కొత్త జత కొని వేసి ఉంటే, ఆ కొత్త ట్యూబుల్లో ఒకటి ఆ సాయంత్రమే పోయేది.

ఇక్కడి నుంచి పెట్టె విప్పాలి. వాల్వు యాంప్‌లో 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, ప్లగ్ తీసిన తరువాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలిచి ఉండవచ్చు. దాన్ని రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మల్టీమీటర్‌తో సున్నాకు వచ్చిందని చూడటం తెలియని వారు లోపల చేయి పెట్టకూడదు. యాభై ఏళ్లు ఈ పని చేసినవారిలా కనిపించిన ఆ పెద్దాయన కూడా కొలతలు తీసేటప్పుడు ఒక చేతిని వెనుకకు మడిచి పెట్టుకున్నారు.

పవర్ ట్యూబులు తీసేసి, ట్యూబులో కరెంటును అదుపు చేసే కంట్రోల్ గ్రిడ్‌కు వెళ్లే రెండో నంబరు పిన్ను దగ్గర ఆయన వోల్టేజి కొలిచారు. మంచి సాకెట్టులో మైనస్ 10 వోల్టుల దగ్గర చూపింది, రెండోదానిలో సున్నా దాటి ప్లస్‌లోకి వచ్చింది. ట్యూబును అదుపులో ఉంచేది ఆ మైనస్ వోల్టేజే. ట్యూబుకు ముందున్న దశ నుంచి ధ్వనిని మాత్రమే పంపి డీసీని ఆపవలసిన 0.022 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది, ప్లస్ వోల్టేజి దాని గుండా గ్రిడ్ మీదికి వస్తోంది. పైకి దాని మీద చిన్న మచ్చ కూడా లేదు. దాని పక్కనే, ట్యూబులోని స్క్రీన్ అనే మరో గ్రిడ్‌కు కరెంటు అందించే స్క్రీన్ రెసిస్టర్ మాత్రం రంగు పట్టీలు ఏవో గుర్తుపట్టలేనంతగా మాడి, నడుము దగ్గర వెంట్రుకంత పగులు తేలి ఉంది. చూసిన ఎవరైనా ఆ రెసిస్టర్‌నే మార్చి ఊరుకుంటారు. అది కాలిన వస్తువే గాని కాల్చిన వస్తువు కాదు. ఆయన రెండూ మార్చారు. కెపాసిటర్ స్థానంలో 630 వోల్టులు తట్టుకునేది అదే వీధిలో కొని తెచ్చారు, దాని ధర ఒక సెట్టు గిటార్ తీగల కంటే చాలా తక్కువ.

ఫ్యూజు బాగానే ఉండి ధ్వని మాత్రమే ఆగిన వారు ఇదంతా చేయనక్కరలేదు. పెడల్సు తీసేసి, గిటార్‌ను వేరే కేబుల్‌తో నేరుగా కలిపి చూడాలి. ఎఫెక్ట్స్ లూప్, అంటే పెడల్సును యాంప్ మధ్యలో కలపడానికి సెండ్, రిటర్న్ అనే జాక్‌లు ఉంటే సెండ్ నుంచి రిటర్న్‌కు ఒక చిన్న కేబుల్ కలపాలి. అప్పుడు ధ్వని వస్తే లోపం జాక్ లోపలి స్విచ్‌కు పట్టిన తుప్పే. యాంప్ ఆపి, స్పీకర్ తీగ విప్పి మల్టీమీటర్‌తో కొలిస్తే 8 ఓముల స్పీకర్ 6 లేదా 7 ఓములు చూపాలి. అదీ బాగుంటే ఒక మంచి 12ఏఎక్స్7ను తీసుకుని, ప్రతిసారీ యాంప్ ఆపి, ఆ రకం ట్యూబు ఉండే ఒక్కొక్క స్థానంలో పెట్టి చూడాలి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన యాంప్ అయితే ఇంకొకటి చూడండి. అక్కడి 120 వోల్టుల యాంప్‌ను ఇక్కడి 230 వోల్టుల ప్లగ్‌లో నేరుగా పెట్టకూడదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. వెనుక ప్లేటు మీద 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే, మన 50 హెర్ట్జ్ మీద దాని ట్రాన్స్‌ఫార్మర్ మరింత వేడెక్కుతుంది. ఫ్యూజు విలువ పక్కన ‘టి’ అక్షరం ఉంటే నిదానంగా కాలే రకమే కొనాలి. వేగంగా కాలేది వేస్తే, ఏ లోపం లేకపోయినా ఆన్ చేసిన క్షణంలో పోవచ్చు.

దోషం నిజంగా ట్యూబుదే అని తేలితే పవర్ ట్యూబులను కొలిచి జతపరచిన జంటగా కొనండి, యాంప్ ఫిక్స్‌డ్ బయాస్ రకమైతే, అంటే గ్రిడ్‌కు పైన చెప్పిన మైనస్ వోల్టేజిని విడిగా ఇచ్చేదైతే, ఆ బయాస్ కొలిపించండి. మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు ‘చనిపోయింది’ అని మాత్రమే చెప్పకుండా, ఆగే ముందు ధ్వని ఎలా మారింది, ఏ సాకెట్టులోని ట్యూబు ఎర్రబడింది, పవర్ ట్యూబులు తీస్తే ఫ్యూజు నిలిచిందా లేదా అనేవి ఒక కాగితం మీద రాసి, కాలిపోయిన రెండు ఫ్యూజులతో పాటు ఆయన చేతికి ఇవ్వండి. ఫ్యూజు గొట్టం లోపల నల్లటి మసి పట్టిందా, తీగ మధ్యలో కరిగి తెగిందా చూసి, షార్ట్ ఎంత తీవ్రమైనదో ఆయన అంచనా వేసుకుంటారు.